తొడ కింద పళ్ళెం

వెన్నులో సూది ఇచ్చాక మనిషికి నడుము కింద ఏమీ తెలియదు. "కాలు ఎత్తమ్మా" అంటాం. ఎత్తలేరు. ఎత్తామనే అనుకుంటారు. "ఎత్తిన గద" అని మాతో వాదానికి దిగేవాళ్ళు కూడా ఉన్నారు. మేం మాస్కుల చాటున నవ్వుకునేవాళ్ళం. ఆ పొద్దున బల్ల మీద పడుకున్నది నేను. "అక్కా, కాలెత్తు" అంది చెల్లె. ఎత్తాను. "అస్సలు లేస్తలేదు మేడం, మంచిగ పట్టింది" అని మత్తు డాక్టరమ్మకు చెప్పింది. ఎత్తాను కదా! ఎత్తానని నాకు తెలుసు కదా!

చెల్లె అంటే నా సొంత చెల్లెలు కాదు. ముదిగొండ వైపు మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, మా ఆపరేషన్ థియేటర్ నర్సు. ఆమెకు పని నేర్పిన పెద్ద నర్సును నేనే. మాది బూర్గంపాడు దాటి అడవి వైపు వెళ్ళే రోడ్డు మీద చిన్న ప్రైవేటు దవాఖానా. పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. మా పుట్టిల్లు పెనుబల్లి దగ్గర పల్లె. పెళ్ళయ్యాక ఇటొచ్చి ఆ థియేటర్లోనే పాతుకుపోయాను. సర్జన్లు మారారు, యజమానులు మారారు, నేను మారలేదు. నాకు నోరు ఎక్కువని అందరూ అంటారు. ఉన్నమాటే. థియేటర్లో నేను "ఏయ్" అంటే సర్జన్ సారు కూడా ఒక్క క్షణం ఆగి ఎవరినన్నానో చూసుకునేవాడు.

గర్భసంచిలో గడ్డలున్నాయని, తీసేయాలని చెప్పారు. వేరే చోటికి పోదామని మా ఆయన అన్నాడు. "మా సారు చేతికంటే మంచి చెయ్యి ఎక్కడుంది, ఊరుకో" అన్నాను. సర్జన్ చేతి మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు. భయమంతా వేరేచోటి నుంచి వచ్చింది.

అదేమిటో చెప్పాలంటే కాటరీ సంగతి చెప్పాలి. కాటరీ అంటే కరెంటుతో కోసే పెన్ను. దాని మొన సన్నం కాబట్టి కరెంటంతా అక్కడే గుమిగూడి మాంసాన్ని కోస్తుంది, చిన్న చిన్న రక్తనాళాలను మాడ్చి మూసేస్తుంది. ఒంట్లోకి వెళ్ళిన ఆ కరెంటు మళ్ళీ మిషన్‌కు తిరిగి చేరాలి. అందుకని పేషంటు తొడకు ఒక ప్లేటు అంటిస్తాం. ప్లేటు వెడల్పుగా, ఒంటిని పూర్తిగా కరుచుకుని ఉంటే కరెంటు చెదిరిపోయి చల్లగా వెళ్ళిపోతుంది. ప్లేటు లేచిపోయి రూపాయి బిళ్ళంత మేర మాత్రమే ఒంటికి తగులుతుంటే, పైన పెన్ను చేసే పనే కింద ప్లేటూ చేస్తుంది. పేషంటుకు తెలియదు, కాలు మొద్దుబారింది కదా. సర్జన్‌కు కనబడదు, అంతా ఆకుపచ్చ గుడ్డల కింద ఉంటుంది కదా.

మొదట్లో మా దగ్గర ఉన్నది స్టీలు ప్లేటు. చదునుగా, ఇంత వెడల్పున ఉండేది. జెల్లీ పూసి తొడ కిందకో పిర్ర కిందకో తోసేవాళ్ళం. దాన్ని పళ్ళెం అనేవాళ్ళం. తర్వాత కొత్త మిషన్ వచ్చింది. దానికి ఒంటికి అంటుకునే పల్చటి ప్లేటు, రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ రెండు ముక్కల నడుమ మిషన్ ఎప్పుడూ ఒంటిని తడిమి చూసుకుంటూ ఉంటుందని, పట్టు తగ్గితే తనే కరెంటు ఆపేసి అరుస్తుందని బిగించడానికి వచ్చినతను చెప్పాడు. పెన్ను దగ్గరా అంతేనట, అది కొవ్వా కండా, తడిగా ఉందా ఎండిందా చూసుకుని కరెంటు పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. "ఇది మనిషిని కనిపెట్టుకుని ఉంటది మేడం" అన్నాడు. ఇన్నేళ్ళు మనుషుల్ని కనిపెట్టుకుని ఉన్నది ఎవరనుకున్నాడో! నాకు ఒళ్ళు మండింది.

ఆ మిషన్ అరిచిన అరుపు ఇంతా అంతా కాదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అడవి పల్లెలవాళ్ళు. నొప్పులకు ఇప్పనూనె రాసుకుంటారు. పొలం నుంచి, బీడీ ఆకు పని నుంచి నేరుగా వచ్చినవాళ్ళుంటారు. తొడ సబ్బుతో కడిగి, తుడిచి, ఆరనిచ్చి అప్పుడు ప్లేటు అంటించాలి. మాకంత తీరిక ఎక్కడిది? పైగా ఒకరికి వాడి పారేయాల్సిన ప్లేటును ఇంకొకరికి అంటించేవాళ్ళం. అందుకని మిషన్ కుయ్యోమని మొత్తుకునేది. దానికి అత్తగారు అని పేరు పెట్టాను. "అత్తగారు మళ్ళీ మొదలెట్టింది" అంటే థియేటరంతా నవ్వేది.

ఒకరోజు విసుగొచ్చి, మూల బీరువాలో పడేసిన పాత పళ్ళెం తీసి దాని వైరు కొత్త మిషన్‌కు గుచ్చాను. అరుపు ఆగిపోయింది! పళ్ళేనికి రెండు ముక్కలు లేవు కాబట్టి తడిమి చూసుకోవడానికి దానికేమీ దొరకలేదు, నోరు మూసుకుంది. సర్జన్ సారు "శభాష్ సిస్టర్" అన్నాడు. అప్పటి నుంచి అదే అలవాటు. అత్తగారు రెండుసార్లు అరిస్తే ఊరుకుంటాం, మూడోసారి అరిస్తే పళ్ళెం. చెల్లెకు నేర్పింది అదే. ఇంకోటి కూడా నేర్పాను. బల్ల మీద పేషంటు ఏదన్నా అంటే పట్టించుకోవద్దు, అది మత్తులో వచ్చే మాట, భుజం తట్టి "ఏం గాదు, పడుకో" అను, అని.

ఇక ఆ పొద్దున. నాకు నిలబడి నిలబడి తొడలు లాగుతాయి. వార్డులో అవ్వలు చెప్పగా చెప్పగా నేనూ ఇప్పనూనెకు అలవాటు పడ్డాను. లేవగానే తొడలకు పట్టించకపోతే ఆ రోజు రోజు కాదు. ఆ పొద్దున కూడా తలంటుకుని, దేవుడికి దండం పెట్టుకుని, చెయ్యి దానంతటదే సీసా మీదికి పోయింది. మోకాలి నుంచి పైదాకా బాగా మర్దన చేసుకున్నాను. ఆపరేషన్‌కు నూనె పూసుకొచ్చారని ఎంతమంది ఆడవాళ్ళను బజారు తిట్లు తిట్టానో! నేను పూసుకున్న సంగతి నాకు గుర్తే లేదు, నమ్మండి.

చెల్లె నా కోసం సీలు విప్పని కొత్త ప్లేటు తీసింది. "అక్కకు పాతది పెడ్తనా" అని మురిపెంగా అంటించింది. అది అంటింది కూడా. మిషన్ మీద పచ్చ దీపం వెలిగింది. చేతులు రెండూ చాచి బల్లకు కట్టారు. ముఖానికీ పొట్టకూ మధ్య గుడ్డ కట్టారు. మత్తు డాక్టరమ్మ తల దగ్గర కూర్చుని నిద్రకు కొంచెం మందు ఎక్కించింది. నాకు నిద్ర రాలేదు, ఒళ్ళు తేలిపోతున్నట్టుంది అంతే. పొట్ట మీద అయోడిన్ రుద్దుతున్నారని చప్పుడును బట్టి తెలిసింది. అది పక్కల నుంచి కారి ప్లేటు దాకా పోతుంది. ఎప్పుడూ పోతుంది. అడ్డంగా గుడ్డ పెట్టాలి. పెట్టారా? అడగలేదు.

"కత్తి" అన్నాడు సారు. తర్వాత "కాటరీ" అన్నాడు. పెన్ను పలికింది, మాడు వాసన వచ్చింది. అది నా ఒంటి వాసనే. అంతలో మిషన్ అరిచింది.

చెల్లె అరుపు ఆపే బొత్తాం నొక్కింది. మళ్ళీ అరిచింది.

"ఏంది సిస్టర్ ఆ గోల, రక్తం వస్తుంది, జల్దీ" అన్నాడు సారు.

"అత్తగారు సార్, ఒక్క నిమిషం" అంది చెల్లె. ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు అరుస్తోంది, కొత్త ప్లేటే కదా అనుకున్నాను. అనుకుంటుండగానే నా అరచేతులు గుర్తొచ్చాయి. పొద్దున సీసా మూత పెట్టి చీర చెంగుకు తుడుచుకున్న అరచేతులు. నూనె. నా చెమటతో, కారిన అయోడిన్‌తో తడిసి, కింద నూనె మీద ఆ ప్లేటు జారుతోంది. మిషన్ నిజమే చెబుతోంది.

మూడోసారి అరిచింది.

మూల బీరువా తలుపు కిర్రుమంది. ఆ చప్పుడు నేను చెవులు మూసుకున్నా గుర్తుపడతాను. పళ్ళెం తీస్తోంది. జెల్లీ ట్యూబు ఎప్పుడో అయిపోవచ్చిందని, పిండి పిండి వాడుతున్నామని నాకు తెలుసు. నూనె తొడ కింద, సగం జెల్లీతో, అంచు మీద ఆనే ఆ స్టీలు ముక్క నాకు కళ్ళ ముందు కనబడింది. నా కాలు కాలుతుంటే నాకు తెలియదు. కాలు ఎత్తానని అనుకుంటాను, ఎత్తలేను. కాలట్లేదని అనుకుంటాను, కాలుతుంటుంది. అంత భయం నాకు కాన్పప్పుడు కూడా వేయలేదు.

"పళ్ళెం వద్దు" అన్నాను. ముక్కు మీద మాస్కుంది, మాట ముద్దగా వచ్చింది.

చెల్లె చెయ్యి గుడ్డ పక్క నుంచి వచ్చి నా భుజం తట్టింది. "ఏం గాదక్కా, పడుకో."

నా మాటే. నేను నేర్పిన గొంతే, నేను నేర్పిన తట్టుడే. "వద్దే, తొడకు..." అన్నాను. మత్తు డాక్టరమ్మ నా మీదికి వంగింది. కళ్ళు మాత్రం కనబడుతున్నాయి, ఎంతో దయగా ఉన్నాయి. "భయపడుతున్నరు పాపం. ఇంకొంచెం నిద్రకిస్తా" అని సిరంజి అందుకుంది.

అయిపోయాననుకున్నాను. ఆ మందు ఎక్కితే పది లెక్కపెట్టేలోపు నేనుండను. లేచేసరికి ఏం జరగాలో అది జరిగిపోతుంది. మా ఆయన గుర్తు రాలేదు, దేవుడు గుర్తు రాలేదు. బతిమాలితే వినరని మాత్రం గుర్తొచ్చింది. బతిమాలినవాళ్ళ మాట నేనెప్పుడూ వినలేదు. దాంతో ఊపిరంతా కూడగట్టుకుని, రోజూ ఆ గదిలో అరిచే అరుపే అరిచాను.

"ఏయ్! పళ్ళెం కింద పెట్టు! నీ కళ్ళు ఏ గంగలో కలిశాయే?"

స్టీలు నేల మీద ఖంగుమని పడింది. అలవాటైన ప్రాణం, చెల్లె భయపడి వదిలేసింది. గదిలో అందరూ ఆగిపోయారు. సిరంజి నా చేతికి జానెడు దూరంలో ఆగింది.

"సార్, నేను మత్తులో లేను" అన్నాను. ఏడుపొచ్చేసింది. "పొద్దున తొడలకు ఇప్పనూనె రాసుకున్నాను సార్. మర్చిపోయాను. ప్లేటు జారిపోయుంటుంది. మిషన్ సరిగ్గానే అరుస్తోంది. ఒక్కసారి చూడమనండి సార్, మీకు దండం పెడతాను." చేతులు కట్టేసి ఉన్నాయి, దండం పెట్టలేకపోయాను.

సారు గాయం మీద గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకున్నాడని తర్వాత చెల్లె చెప్పింది. "చూడండి" అన్నాడు. గుడ్డ ఎత్తిన చప్పుడైంది. చెల్లె "అయ్యో" అంది.

"ఏందే, చెప్పవే!"

"ప్లేటు మొత్తం ఊడిందక్కా. ఒక్క మూల పట్టుకుని ఉంది. కాలలేదు. కాలలేదక్కా, ఒట్టు."

"మిషనే ఆపేసింది" అన్నాడు సారు. ఆయన గొంతు కూడా మామూలుగా లేదు. "సిస్టర్, మీరే గిట్ల చేస్తే ఎట్లమ్మా?"

రెండో తొడ సబ్బు నీళ్ళతో కడిగారు. తుడిచారు. ఆరిందో లేదో చేత్తో చూసి, ఇంకో కొత్త ప్లేటు అంటించారు. ఒక నర్సు అడ్డంగా గుడ్డ దోపింది. సారు గాయం అదిమి పట్టుకునే నిలబడ్డాడు. ఆ పనికి పట్టిన సమయం చాలా తక్కువ. ఇన్నేళ్ళూ మాకు లేదనుకున్న తీరిక అంతే. మిషన్ మళ్ళీ అరవలేదు. నేను నిద్ర మందు వద్దన్నాను. చివరి కుట్టు దాకా కళ్ళు తెరుచుకుని దాని చప్పుడు వింటూ పడుకున్నాను.

మధ్యాహ్నం దాటాక వార్డులో కాలి వేళ్ళకు చీమలు పాకినట్టు స్పర్శ వచ్చింది. మా ఆయన చేత రెండు తొడలూ చూపించుకున్నాను. "ఏం లేదు, శుభ్రంగా ఉంది" అన్నాడు. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ చూశాడు. "ఇంకెన్నిసార్లు చూడమంటావు" అని విసుక్కుని టీకి పోయాడు. అప్పుడొచ్చింది చెల్లె. మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"పానం పోయిందనుకో అక్కా. నువ్వు గాబట్టి గట్ల అరిచినవు. మొన్న నువ్వు రక్తం పరీక్షకు పోయినప్పుడు ఒక కోయ అవ్వది గజ్జల హెర్నియా కేసు ఐంది సూడు. ఆమె గూడ ఏదో అన్నది. తల ఊపుకుంట మస్తు అన్నది. ఆమె మాట నాకు సమజ్ కాలే. ఏం గాదవ్వా పడుకో అన్న. మేడం నిద్ర సూది ఇచ్చింది."

"అత్తగారు అరిచిందా ఆ రోజు?"

"అవ్."

"పళ్ళెం పెట్టినవా?"

చెల్లె నా చెయ్యి వదిలేసింది. "పెట్టిన."

"తర్వాత తొడ చూసినవా?"

చూడలేదని ఆమె ముఖమే చెప్పింది. ఆ అవ్వ మా వార్డులోనే, కిటికీ వైపు చివరి మంచం మీద ఉంది. ఒక పక్కకే తిరిగి పడుకుని ఉంది. పక్కన కోడలు నేల మీద కూర్చుని ఉంది. చెల్లె వెళ్ళి, కోడలికి ఏదో చెప్పి, దుప్పటి కొంచెం పైకి తీసింది. తీసి అలాగే నిలబడిపోయింది. నాకు ఇక్కడి నుంచి చెల్లె వీపు తప్ప ఏమీ కనబడలేదు. లేవబోయాను, కాళ్ళు ఇంకా నావి కాలేదు.

కోడలే నా దగ్గరికి వచ్చింది. చిన్న మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. "తొడ వెనక అరచెయ్యంత తోలు లేసింది సిస్టరమ్మా. ఆపరేషనైన కాడి నుంచి మంట మంట అంటుంది. నిన్న పొద్దుగాల అడిగితే, ప్లాస్టర్ ఒంటికి పడలేదు, అదే తగ్గుతది అన్నరు."

"ఎవరన్నారు? ఏ సిస్టర్?" అన్నాను. ఎంత కోపమొచ్చిందో!

ఆమె నా వైపు విడ్డూరంగా చూసింది. "మీరే గద అమ్మా."

నిన్న పొద్దున నా చివరి డ్యూటీ. మర్నాడు నా ఆపరేషన్ అని మనసు మనసులో లేదు. ఎవరో ఏదో అడిగారు, వార్డు గుమ్మంలో నుంచే ఏదో చెప్పి వెళ్ళిపోయాను. మంచం దాకా పోలేదు. చెప్పినట్టు గుర్తు కూడా లేదు. నూనె రాసుకున్నది గుర్తు లేనట్టే ఇదీ లేదు.

"చెల్లే, పోయి సారును పిలుచుకురా" అన్నాను. "ప్లాస్టర్ కాదు, కాటరీ ప్లేటు కాల్చింది అని చెప్పు. పళ్ళెం సంగతి చెప్పు. నేను నేర్పానని కూడా చెప్పు."

"అక్కా, మన నౌకరీ..." అంది. నాకూ భయమే. కాళ్ళు వచ్చుంటే నేనే పారిపోయేదాన్నేమో. "పో" అన్నాను. కళ్ళు తుడుచుకుని పోయింది.

ఆ అవ్వ మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. నాకు తల దించుకోవాలనిపించింది, పడుకున్నదాన్ని ఎక్కడికని దించుకుంటాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె నా కాళ్ళ వైపు చూపిస్తూ కోడలితో కోయలో ఏదో అంది. రెండుసార్లు అంది.

"ఏమంటోంది?" అని అడిగాను.

"మిమ్మల్ని గూడ అదే బల్ల మీద పండుకోబెట్టిండ్రట గద. మీకు గూడ మంట ఉందా అని అడుగుతుంది" అంది కోడలు.